టై అనుకున్నది స్లర్ అయింది: 17వ బార్ దగ్గర వయోలిన్లు ఆగిపోతున్నాయి

కోయిర్ కీబోర్డ్
నవంబర్ 16, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చి కోయిర్‌కి తొమ్మిదేళ్లుగా కీబోర్డ్ వాయిస్తున్నాను. ఈ క్రిస్మస్‌కి మొదటిసారి నాలుగు వయోలిన్లు, ఒక చెల్లో, రెండు టింపనీలు (పెద్ద డోళ్లు) పెట్టుకున్నాం. నాలుగు గొంతుల పాట ఒకటి నేనే కట్టి, మ్యూజ్‌స్కోర్ 4 అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద రాసే స్వరలిపి) రాసి, ప్రింట్ తీసి అందరికీ ఇచ్చాను. పాట జీ మేజర్, నాలుగు బీట్ల బార్లు, టెంపో 66 (నిమిషానికి 66 బీట్లు).

ఇవాళ ఆరాధన అయ్యాక రిహార్సల్ పెట్టాం. 17వ బార్ దగ్గర వయోలిన్లు ఆగిపోయాయి. సెకండ్ వయోలిన్‌కి 16వ బార్ మూడో బీట్‌లో సీ షార్ప్ మొదలవుతుంది. అది 17లో ఇంకో రెండు బీట్లు అలాగే నిలవాలి. రెండు నోట్లనీ కలుపుతూ, టై అనుకుని, నేను వంపు గీత పెట్టాను. ఒకాయన ఒకే స్వరంగా లాగారు. పక్కనున్నావిడ 17 మొదట్లో మళ్లీ కమాను తాకించారు. ఇద్దరూ ఆపి నావైపు చూశారు. ఇంటికొచ్చి కంప్యూటర్లో ప్లే చేస్తే అక్కడా రెండుసార్లే మోగుతోంది.

రెండోది, 25 నుంచి 32 వరకు వయోలిన్లకి ట్రెమోలో (స్వరాన్ని గబగబా మళ్లీ మళ్లీ పలికించడం). క్వార్టర్ నోట్లకి (ఒక బీట్‌వి) మూడు అడ్డగీతలు పెట్టాను, ఎయిత్ నోట్లకీ (అర బీట్‌వి) మూడే పెట్టాను. "ఒక్కో నోటుకి ఎన్నిసార్లు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మూడోది, 33లో చెల్లోకి జీ, బీ రెండు స్వరాల మధ్య బార్ పొడుగునా ట్రెమోలో కావాలి. రెండు హోల్ నోట్లు (నాలుగు బీట్లవి) రాయబోతే రెండోది పక్క బార్‌లోకి పోతోంది.

ప్రోగ్రామ్ డిసెంబర్ 21న. వచ్చే శనివారం మళ్లీ రిహార్సల్. వాళ్లు దూరం నుంచి వస్తున్నారు, మళ్లీ అదే బార్ దగ్గర ఆపాల్సి వస్తుందేమోనని చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి సాయం చేయండి.


నాలుగో తీగ
నవంబర్ 16, రాత్రి 10:40

ఒక్క విషయం చూసి చెప్పండి. 17వ బార్‌లో సీ పక్కన షార్ప్ గుర్తు మళ్లీ ఉందా?


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 16, రాత్రి 10:44

ఉందండీ. మొదట్లో లేదు. ప్లే చేస్తే మామూలు సీ మోగింది, అందుకే నేనే షార్ప్ పెట్టాను.


నాలుగో తీగ
నవంబర్ 16, రాత్రి 11:05

అయితే మీరు పెట్టింది స్లర్, టై కాదు. ఆ షార్ప్ గుర్తే సాక్ష్యం. బార్ గీత దాటగానే షార్ప్ బలం పోతుంది. ఒక్క టై ఉన్నప్పుడే అది గీత దాటి కొనసాగుతుంది, ఎందుకంటే టైలో రెండో నోటు కొత్త స్వరం కాదు, మొదటి స్వరానికి మిగిలిన నిడివి. మళ్లీ షార్ప్ కనబడింది కాబట్టి ఆవిడ "ఇది కొత్త స్వరం" అనుకుని కమాను తాకించారు. ఆయన వంపు గీతను చూసి టై అనుకున్నారు. ఇద్దరి తప్పూ లేదు.

నేను ఇరవై ఏళ్లకు పైగా చెన్నైలో, హైదరాబాద్‌లో రికార్డింగులకు వాయిస్తున్నాను. పార్ట్ మన స్టాండ్ మీదికి వచ్చేది వాయించడానికి రెండు నిమిషాల ముందు. రాసినాయన మనసులో ఏముందో ఊహించే తీరిక ఉండదు, కాగితం మీద ఏముంటే అదే వాయిస్తాం.

కంటికి టై, స్లర్ రెండూ ఒకే వంపు. తేడా ఎక్కడుందో చూడండి. టై ఒకే స్వరం తాలూకు రెండు పక్కపక్క నోట్లను, తల నుంచి తలకు, కలుపుతుంది. స్లర్ వేర్వేరు స్వరాల గుంపు మీద కప్పులా ఉంటుంది, మాకు దాని అర్థం "ఇవన్నీ ఒకే కమానులో". ఒకే స్వరం రెండుసార్లు రాసి పైన స్లర్ పెట్టి, తలల దగ్గర చుక్కలు కూడా పెడితే అర్థం ఇంకోటి: కమాను దిశ మార్చకుండా, మధ్యలో చిన్నగా ఆపి, రెండోసారి పలికించమని. కాబట్టి మీ 17వ బార్‌కి మూడు రకాల అర్థాలు తీయొచ్చు.


స్టాఫ్ లైన్
నవంబర్ 17, ఉదయం 6:20

విశాఖలో పిల్లలకి పియానో, థియరీ చెబుతాను. మ్యూజ్‌స్కోర్‌లో ఎలా సరిచేయాలో రాస్తున్నాను.

టై కీ టీ, స్లర్ కీ ఎస్. రెండు నోట్లు ఎంచుకుని ఎస్ నొక్కితే అవి ఒకే స్వరమైనా ప్రోగ్రామ్ స్లర్ గీసేస్తుంది. మీరు అడిగిందే అది ఇచ్చింది.

16లో, 17లో ఉన్న ఆ రెండు సీ షార్ప్‌లనూ తీసేయండి. నోట్ ఇన్‌పుట్‌లోకి వెళ్లి (ఎన్ కీ), హాఫ్ నోట్ (రెండు బీట్లది) కోసం 6 నొక్కి, 16వ బార్ మూడో బీట్ మీద సీ షార్ప్ ఒకసారి పెట్టండి. వెంటనే నిడివి 6 గానే ఉంచి టీ నొక్కండి. 17లో జత నోటు దానంతటదే వస్తుంది, టైతో సహా, షార్ప్ గుర్తు లేకుండా. ఇంకో దారి కూడా ఉంది. 16 మూడో బీట్ దగ్గర నేరుగా హోల్ నోట్ (7) పెట్టండి. బార్‌లో రెండు బీట్లే మిగిలాయి కాబట్టి ప్రోగ్రామే దాన్ని రెండు హాఫ్ నోట్లుగా విడగొట్టి టై వేస్తుంది.

స్వరం 18వ బార్ దాకా కూడా సాగాలంటే రెండు టైలు కావాలి: 16 నుంచి 17కి ఒకటి, 17 నుంచి 18కి ఒకటి. మొదటి నోటు నుంచి మూడో నోటుకి ఒకే పొడుగు వంపు వేస్తే అది మళ్లీ స్లరే.

ఇక మిగతా పాట సంగతి. ఒక చోట ఇలా జరిగితే ఇంకో పది చోట్ల కూడా జరిగి ఉంటుంది. ఏదో ఒక స్లర్ మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్‌లో అలాంటివన్నీ ఎంచుకోమనండి. అన్నింటికీ ఎరుపు రంగు వేయండి. ఇప్పుడు పేజీలు తిప్పుతూ, ఒకే స్వరం మీదున్న ఎర్ర వంపులన్నీ వెతికి టైలుగా మార్చండి. అయ్యాక రంగు తీసేయండి. మా క్లాసులో ప్రింట్‌కి ముందు ప్రతిసారీ చేయించే పని ఇది.


వీణ మీటు
నవంబర్ 17, ఉదయం 7:15

నేను బొబ్బిలి దగ్గర వీణ చెబుతాను. స్టాఫ్ నొటేషన్ ఈమధ్యే నేర్చుకుంటున్నాను. నాకు అర్థమైంది సరైనదో కాదో చెప్పండి.

మన స్వరలిపిలో "స , ," అని రాస్తే షడ్జమం ఇంకో రెండు అక్షరాలు నిలుస్తుంది. ";" పెడితే అదే రెండు అక్షరాలు ఒక్క గుర్తులో. మళ్లీ మీటం. మీ టై అంటే ఈ కామా లాంటిదే కదా? స్లర్ అంటే ఒక్క మీటు మీద వేళ్లు మెట్లు మారడం. ట్రెమోలో అంటే ఒకే మెట్టు మీద మళ్లీ మళ్లీ మీటడం. మూడు గుర్తులూ అడిగేది ఒకటే ప్రశ్న: మళ్లీ మీటాలా, వద్దా?

ఇది ఎందుకు అడుగుతున్నానంటే, మా శిష్యురాలు ఒకమ్మాయి జంట వరసలను స్టాఫ్‌లో రాసి అన్నయ్యకి పంపింది. "స స రి రి గ గ మ మ". జంట అని చూపించడానికి ప్రతి రెండింటి మీదా వంపు గీత పెట్టింది. అబ్బాయి కీబోర్డ్ మీద నాలుగే స్వరాలు పొడుగ్గా వాయించి ఫోన్‌లో వినిపించాడు. జంటలో ప్రాణమంతా రెండో స్వరం మీద పడే ఒత్తులోనే ఉంది, అదే మాయమైపోయింది.


నాలుగో తీగ
నవంబర్ 17, ఉదయం 8:02

అమ్మా, మీరు చెప్పిన "మళ్లీ మీటాలా వద్దా" కంటే బాగా ఈ విషయాన్ని ఎవరూ చెప్పలేరు. నూటికి నూరుపాళ్లు సరి.

జంట వరసలకి వంపు పూర్తిగా తీసేయించండి. రెండో స్వరం మీద యాక్సెంట్ గుర్తు (పక్కకు తిరిగిన బాణం మొన లాంటిది) పెడితే చాలు. చూసి వాయించేవాళ్లకి ఒత్తు ఎక్కడో తెలిసిపోతుంది.

కంపితం రాయడానికి కొందరు స్టెమ్ (నోటు కాడ) మీద మూడు గీతలు పెడుతున్నారు, అది కూడా ఆపించండి. కంపితంలో తీగ లాగడం వల్ల స్వరస్థానమే ఊగుతుంది, మీటు ఒక్కటే. మూడు గీతలు చూస్తే వయోలిన్ వాళ్లు స్వరాన్ని కదపకుండా కమాను గబగబా ఆడిస్తారు. రెండూ వినడానికి దగ్గర దగ్గరగా కూడా ఉండవు.


స్టాఫ్ లైన్
నవంబర్ 17, ఉదయం 8:30

మాండలిన్ ఉదాహరణ కూడా ఇక్కడ పనికొస్తుంది. ఇటలీ పద్ధతి మాండలిన్‌లో మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది, అందుకే పొడుగు స్వరమంటే ట్రెమోలోయే, ప్లెక్ట్రమ్‌తో కిందికీ పైకీ ఆగకుండా. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) జంట తీగల బదులు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. ఆంప్లిఫయర్ వల్ల స్వరం నిలిచింది, గమకాలకి ఒక్క మీటు చాలింది. ఒకే వాద్యం, ఒకే పొడుగు స్వరం. కాగితం మీద మాత్రం ఒకరికి మూడు గీతలు రాయాలి, ఇంకొకరికి టై రాయాలి.


డ్రమ్ రోల్
నవంబర్ 17, మధ్యాహ్నం 1:10

ట్రెమోలో లెక్క నేను చెబుతాను. హైదరాబాద్‌లో పర్కషన్ వాయిస్తాను, ఈ గీతల మీదే నా బతుకు.

గీతలను విడిగా లెక్కపెట్టకూడదు తమ్ముడూ. నోటుకి ఇప్పటికే ఉన్న జెండాలనూ (బీమ్‌లనూ) గీతలనూ కలిపి లెక్కపెట్టాలి. మొత్తం ఒకటైతే ఎయిత్‌లు, రెండైతే సిక్స్‌టీంత్‌లు, మూడైతే థర్టీ సెకండ్‌లు. క్వార్టర్ నోటుకి జెండా లేదు, మూడు గీతలు పెడితే మొత్తం మూడు, అంటే బీట్‌కి 8 దెబ్బలు. ఎయిత్ నోటుకి ఒక జెండా ఉంది, దాని మీద మూడు గీతలు పెడితే మొత్తం నాలుగు, అంటే సిక్స్‌టీ ఫోర్త్‌లు, బీట్‌కి 16 దెబ్బల వేగం. మీ పార్టులో క్వార్టర్ నుంచి ఎయిత్‌కి వచ్చిన ప్రతిచోటా వేగం రెట్టింపు అవుతోంది. వాళ్లు అడిగింది అందుకే. ఎయిత్ నోట్లకి రెండు గీతలు పెట్టండి, వేగం సమానమవుతుంది.

హాఫ్ నోటుకి మూడు గీతలంటే వేగం అదే, దెబ్బలు 16. హోల్ నోటుకి స్టెమ్ లేదు కదా, గీతలు తలకి పైనో కిందో వస్తాయి, లెక్క మారదు.


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 17, సాయంత్రం 6:45

అన్నా, ఇప్పుడు తలకెక్కింది. కానీ నాకు లెక్క పెట్టిన దెబ్బలు అక్కర్లేదు. గొర్రెల కాపరుల దగ్గరికి దూత వచ్చే చోటు అది. తీగలన్నీ వణికినట్టు ఉంటే చాలు. దానికి వేరే గుర్తు ఉందా?


నాలుగో తీగ
నవంబర్ 17, రాత్రి 9:15

వేరే గుర్తు లేదు, అదే మూడు గీతలు. తేడా టెంపో చెబుతుంది. మీ 66 టెంపోలో బీట్‌కి 8 అంటే సెకనుకి దాదాపు 9. ఆ వేగంలో ఎవరూ లెక్కపెట్టరు, కమాను కొన దగ్గర పట్టి వణికిస్తారు. మీకు కావలసింది అదే. ఈ పాటకి మూడు గీతలు చాలు.

చిక్కొచ్చేది బాగా నెమ్మది పాటల్లో. టెంపో 42 అయితే అవే మూడు గీతలు సెకనుకి 5, 6 దెబ్బలవుతాయి. అది శుభ్రంగా లెక్కపెట్టి వాయించగల వేగం, కాబట్టి కొందరు లెక్కపెట్టి వాయిస్తారు, కొందరు వణికిస్తారు.


డ్రమ్ రోల్
నవంబర్ 17, రాత్రి 9:40

అలాంటప్పుడు నాలుగు గీతలు పెట్టేస్తే గొడవ ఉండదు. నేను అలాగే రాయిస్తాను.


నాలుగో తీగ
నవంబర్ 17, రాత్రి 9:58

డ్రమ్‌కి సరే. తీగలకి నేను ఒప్పుకోను. నాలుగు గీతలు చూస్తే కొత్తవాళ్లు చేయి బిగబట్టి వేగం కోసం పాకులాడతారు, స్వరం గరగరమంటుంది. మూడు గీతలే ఉంచి, మొదటి నోటు పైన "ట్రెమోలో" అని మాటలో రాయండి. లెక్కపెట్టిన దెబ్బలు కావాల్సిన చోట మొదటి బీట్ విడివిడి నోట్లుగా పూర్తిగా రాసి, తర్వాతి బీట్ల నుంచి గీతలు పెట్టండి. అప్పుడు ఏ అనుమానమూ ఉండదు.

ఇది ఇవాళ్టి తగువు కాదు. వెనిస్‌లో 1624లో ఇటలీ స్వరకర్త మొంటెవెర్దీ "తాంక్రెది, క్లోరిందాల పోరాటం" అనే కృతి వినిపించినప్పుడు, కోపం చూపడానికి ఒక పొడుగు నోటును పదహారు దెబ్బలుగా విడగొట్టాడు. ఒకే తీగను బార్‌లో పదహారుసార్లు కొట్టడమేమిటని మొదట్లో వాద్యగాళ్లకి వింతగా తోచిందట, బార్‌కి ఒక్క దెబ్బే కొట్టి ఊరుకున్నారట. దాంతో ఆ ఉద్వేగమే పోయిందని 1638లో అచ్చేసినప్పుడు ముందుమాటలో ఆయనే రాసుకున్నాడు. ఆయన గీతలతో సంక్షిప్తం చేయలేదు, నోట్లన్నీ రాశాడు. అయినా వాయించలేదు. అందుకే చెబుతున్నాను, అనుమానం ఉన్న చోట ఒక మాట అదనంగా రాయడంలో తప్పు లేదు.


డ్రమ్ రోల్
నవంబర్ 17, రాత్రి 10:20

తీగల సంగతి మీకే బాగా తెలుసు మేడమ్, అది ఒప్పుకుంటాను. టింపనీ గురించి మాత్రం నన్ను చెప్పనివ్వండి, తమ్ముడి పార్టులో అది కూడా ఉంది.

రోల్ రాసినప్పుడు టై లేకపోతే కొంప మునుగుతుంది. రెండు బార్లు రోల్, మూడో బార్ మొదటి బీట్ మీద ముగింపు అనుకోండి. టైలు పెడితే నేను ఆగకుండా ఉరిమించి మూడో బార్ మొదటి బీట్‌లోకి అలా దిగుతాను. టై లేకపోతే ప్రతి బార్ మొదట్లో రోల్ ఆపి మళ్లీ మొదలుపెట్టమని అర్థం. చివరి దెబ్బ ముందు కూడా చిన్న ఖాళీ వస్తుంది. రెండూ బాగానే ఉంటాయి, కానీ రెండూ వేరు. ఇక్కడ స్లర్ పెడితే నాకు ఏ అర్థమూ రాదు. డోలుకి స్లర్ ఏముంటుంది?


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 17, రాత్రి 10:31

టింపనీకి ఎస్ కీతోనే పెట్టాను, మూడు చోట్ల. ఇప్పుడే మారుస్తున్నాను.

చెల్లో 33వ బార్ ఇంకా తేలలేదండీ.


స్టాఫ్ లైన్
నవంబర్ 18, ఉదయం 6:10

రెండు స్వరాల ట్రెమోలోలో అందరూ తడబడేది ఇక్కడే. రాతలో రెండు నోట్లూ పూర్తి నిడివితో కనబడతాయి, కానీ రెండూ కలిసి ఒక్కదాని చోటే తీసుకుంటాయి. నాలుగు బీట్ల ట్రెమోలోకి కాగితం మీద రెండు హోల్ నోట్లు, మధ్యలో గీతలు. చూడటానికి ఎనిమిది బీట్లు ఉన్నట్టు ఉంటుంది, ఉన్నది నాలుగే.

కాబట్టి మ్యూజ్‌స్కోర్‌లో సగం నిడివితో రాయాలి. 33లో జీ హాఫ్ నోటు, బీ హాఫ్ నోటు పెట్టండి. బార్ నిండింది కదా. జీ ఎంచుకుని ట్రెమోలో ప్యాలెట్‌లో రెండు నోట్ల మధ్య గీతలున్న బొమ్మ నొక్కండి. రెండూ తమంతట తామే హోల్ నోట్లుగా మారి, గీతలు మధ్యలో వస్తాయి. రెండు గీతలు పెడితే బార్‌లో మొత్తం 16 స్వరాలు, జీ ఎనిమిది, బీ ఎనిమిది. ఒక్క నోటు స్టెమ్ మీద గీతలున్న బొమ్మలు అదే ప్యాలెట్‌లో పక్కనే ఉంటాయి, తొందరలో అవి నొక్కకండి.

పని ముగిసిందా లేదా అనడానికి పరీక్ష: ప్లే చేస్తే 34వ బార్ కోయిర్ సరిగ్గా తన చోట అందుకోవాలి.


నాలుగో తీగ
నవంబర్ 18, ఉదయం 7:50

దానిపైన స్లర్ ఉండాలా వద్దా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి, ఇక్కడ స్లర్ చాలా పెద్ద మాట. స్లర్ పెడితే కమాను ఒకే దిశలో నెమ్మదిగా సాగుతుంది, వేలు మాత్రం బీ మీద పడుతూ లేస్తూ ఉంటుంది. నీటి అలల్లాంటి మెత్తని శబ్దం. స్లర్ లేకపోతే ప్రతి స్వరానికీ కమాను తిరుగుతుంది, ఆందోళనగా, గరుకుగా వినబడుతుంది. జీ, బీ ఒకే తీగ మీద అందుతాయి కాబట్టి చెల్లోకి రెండూ సాధ్యమే. 66 టెంపోలో ఒక బార్ అంటే నాలుగు సెకన్లు కూడా లేదు, ఒక కమానుకి హాయిగా సరిపోతుంది.

అక్కడ మాటలేమిటి?


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 18, ఉదయం 8:05

"భయపడకుడి" అయిపోయాక, సోప్రానో ఒక్కరే "సమాధానము" అని మొదలుపెట్టే చోటు.


నాలుగో తీగ
నవంబర్ 18, ఉదయం 8:09

స్లర్ పెట్టండి.


డాలస్ రాత్రిబడి
నవంబర్ 18, ఉదయం 11:30

ఇక్కడ ఇప్పుడు అర్ధరాత్రి, పిల్లలు పడుకున్నాక చదువుతున్నాను. మా తెలుగు సంఘం పిల్లల ఆర్కెస్ట్రాకి నేను లిలీపాండ్ అనే ప్రోగ్రామ్‌లో రాస్తాను. అందులో మౌస్‌తో గీయడం ఉండదు, అంతా టైప్ చేయాలి. నోటు తర్వాత ~ పెడితే టై. ( తో మొదలుపెట్టి ) తో ముగిస్తే స్లర్. ట్రెమోలోకి :32 అని వేగం రాస్తే గీతలు ఎన్నో అదే లెక్కేసుకుంటుంది, క్వార్టర్ నోటుకి మూడు, ఎయిత్‌కి రెండు. డ్రమ్ రోల్ గారు చెప్పిన జెండాల లెక్క అది తప్పదు. నాకు అది నచ్చడానికి కారణం ఒకటే, వంపు ఎలా కనబడుతుందో అనే ముందు, దాని అర్థమేమిటో నేను నిర్ణయించుకుని తీరాలి.

కోయిర్ కీబోర్డ్ గారూ, మీరు కొన్ని భాగాలు కీబోర్డ్ మీద వాయించి మిడీ ఫైల్‌గా తెచ్చుకున్నారా? ఎందుకంటే మిడీలో టై, స్లర్ అనేవే లేవు. స్వరం ఎప్పుడు నొక్కారు, ఎప్పుడు వదిలారు, అంతే ఉంటుంది. వేలు ఒక్క క్షణం ఆలస్యంగా లేచినా క్వార్టర్ నోటుకి తోకలా ఒక చిన్న థర్టీ సెకండ్ టైతో అంటుకుని వస్తుంది. ట్రెమోలో అయితే వందల చిన్న నోట్లుగా దిగుతుంది.

ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్ రకం వాడండి. అందులో టైని రెండు ముక్కలుగా రాస్తారు, "ఇలా మోగాలి" అనేది ఒకటి, "ఇలా కనబడాలి" అనేది ఇంకోటి. స్లర్ పూర్తిగా వేరే. ట్రెమోలో ఒక్క నోటుదా, రెండు నోట్ల మధ్యదా అన్నది కూడా విడిగా ఉంటుంది. 2024 ఆగస్టులో ఫినాలే అనే నొటేషన్ ప్రోగ్రామ్ అభివృద్ధి ఆగిపోయిందని ప్రకటించాక ఎంతోమంది తమ పాత పనంతా ఈ ఫైళ్ల ద్వారానే తరలించుకుంటున్నారు. తరలించాక ముందుగా చూడాల్సింది టైలూ స్లర్లే, ఎందుకంటే అసలులో స్లర్‌తో రాసిన టై కొత్త చోట కూడా స్లర్‌గానే దిగుతుంది.


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 18, సాయంత్రం 7:20

అవునండీ, ఆల్టో లైన్ మొత్తం మిడీ నుంచి తెచ్చిందే. మీరు చెప్పిన తోకలు అందులో పద్నాలుగు దొరికాయి. వాళ్లు ఆ పార్ట్ చూసి ఎందుకు మొహాలు చూసుకున్నారో ఇప్పుడు తెలిసింది. ఆ లైన్ అంతా చెరిపి చేత్తో మళ్లీ ఎక్కించాను, గంటన్నర పట్టింది.

ఇంకొక్క సందేహం. మాటల కింద వంపులు ఎలా పెట్టాలి? "స్తోత్రం"లో "స్తో" మూడు స్వరాల మీద సాగుతుంది.


స్టాఫ్ లైన్
నవంబర్ 18, రాత్రి 9:00

గొంతుకి స్లర్ అంటే "ఈ స్వరాలన్నీ ఒకే అక్షరం". కాబట్టి "స్తో" మూడు స్వరాల మీదా ఒక స్లర్. కంట్రోల్+ఎల్ నొక్కి "స్తో" టైప్ చేసి హైఫన్ కొట్టండి, తర్వాతి రెండు స్వరాలనూ హైఫన్‌తోనే దాటించి "త్రం" దగ్గర ఆగండి. మాట చివరి అక్షరం సాగితే హైఫన్ బదులు కింది గీత కొట్టాలి. మాటను "స్తో-త్రం" అని విడగొట్టండి. ఇంగ్లిష్ అలవాటులో "స్తోత్-రం" అని రాస్తే పాడేవాళ్లు "త్" దగ్గర నోరు మూసేస్తారు. పాత డీటీపీ ఫాంట్లలో ఉన్న పాటల పుస్తకం నుంచి కాపీ చేయకండి, పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో టైప్ చేయండి.

ఆ మూడు స్వరాల్లో చివరిది టైతో పక్క బార్‌లోకి సాగుతుందా? అయితే స్లర్‌ను టై మొదటి నోటు దగ్గర ఆపకూడదు, టైలో చివరి నోటు దాకా తీసుకెళ్లాలి. మొదలయ్యేటప్పుడు కూడా అంతే, టై ఉన్న జంటతో మొదలైతే జంటలో మొదటి నోటు నుంచే. స్లర్‌ను ఎంచుకుని షిఫ్ట్ పట్టి కుడి బాణం నొక్కితే చివర పక్క నోటుకి జరుగుతుంది. టై, స్లర్ ఒకదానిమీదొకటి పడి గజిబిజిగా ఉంటే స్లర్ ఎంచుకుని ఎక్స్ నొక్కండి, పైనుంచి కిందికి తిరుగుతుంది. ఈ చిన్న సర్దుబాటుతో పేజీ ఎంత తేటగా అవుతుందో చూస్తారు.


వీణ మీటు
నవంబర్ 19, ఉదయం 6:30

"స్తో" మీది స్లర్ గురించి చదివాక మా అమ్మాయి చేత ఒక కృతి పల్లవి మళ్లీ రాయించాను. ప్రతి వంపు దగ్గరా ఆపి, మళ్లీ మీటాలా వద్దా అని గట్టిగా అడిగి, జవాబు చెప్పాకే గీయమన్నాను. మొదటి ఆవృతానికి నలభై నిమిషాలు పట్టింది. రాత్రి వాళ్ల అన్నయ్య కీబోర్డ్ మీద వాయించి పంపాడు. గమకం లేదు, ఉండదు కూడా. కానీ నడక మాత్రం మాదే.


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 22, రాత్రి 9:50

రిహార్సల్ అయింది. ఇప్పుడే ఇల్లు చేరాను.

16 నుంచి 17కి సెకండ్ వయోలిన్లు రెండూ ఒకే గీత మీద నడిచినట్టు వెళ్లాయి. పోయినసారి ఆపినావిడ ఈసారి పార్ట్ చూసి, పెన్సిల్ తీయకుండానే వయోలిన్ ఎత్తుకున్నారు. 25లో ట్రెమోలో మొదలవగానే కోయిర్‌లో పిల్లలు పాడటం ఆపి అటు తిరిగారు. మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, ఎవరూ విసుక్కోలేదు. 33లో చెల్లో ఆయన స్లర్ చూసి "వేళ్లతోనే కదా?" అని ఒక్క మాట అడిగి వాయించారు. నాలుగో తీగ గారూ, మీరు చెప్పిన అలలు మా రేకుల కప్పు కింద కూడా వినబడ్డాయి.

ఒక్కటి మిగిలింది. 40 నుంచి 41కి టింపనీ రోల్ టైతో రాశాను, 42 మొదటి బీట్‌కి కూడా టై పెట్టాను. కానీ ఆ చివరి దెబ్బ కోయిర్ "ఆమేన్"తో కలిసి గట్టిగా, విడిగా పడితే బాగుంటుందని పాస్టర్‌గారు అన్నారు. ఏం చేయను?


డ్రమ్ రోల్
నవంబర్ 22, రాత్రి 10:04

40 నుంచి 41కి టై ఉంచు. 41 నుంచి 42కి తీసేయ్. 42 మీద యాక్సెంట్ పెట్టు.


కోయిర్ కీబోర్డ్
నవంబర్ 22, రాత్రి 10:11

తీసేశాను అన్నా. ప్లే చేసి విన్నాను. సరిగ్గా అదే.